క్యాన్సర్ ఉన్నవారికి అన్నం సయించనప్పుడు: ఇంట్లో ఏం చేయాలి, ఎలా పెట్టాలి

ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ చికిత్స జరుగుతుంటే ఈ మాటలు మీకు కొత్త కాదు. "వద్దమ్మా, సయించట్లేదు." "రెండు ముద్దలకే కడుపు నిండిపోయింది." "తాలింపు వాసన వస్తే చాలు, తిప్పుతోంది." చేసిన కూర చేసినట్టే మిగిలిపోతుంది. వండిన మనిషికి ఏడుపొస్తుంది, తినలేని మనిషికి తప్పు చేసినట్టు ఉంటుంది.

ఈ జబ్బులో ఆకలి చచ్చిపోవడానికి శరీరంలోనే కారణం ఉంది. గడ్డ వల్ల, దానితో పోరాడే క్రమంలో పుట్టే సైటోకైన్లు అనే రసాయనాలు మెదడులో ఆకలిని నడిపే భాగాన్ని మందగింపజేస్తాయి. అవే కండనూ కరిగిస్తాయి. అందుకే "మనసు పెట్టి తిను" అంటే పని జరగదు. మనం మార్చగలిగేవి రెండున్నాయి. తిండికి అడ్డుపడుతున్న చిన్న చిన్న ఇబ్బందుల్ని ఒక్కొక్కటిగా తీసేయడం ఒకటి, తినే ఆ నాలుగు ముద్దల్లోనే వీలైనంత బలం పెట్టడం రెండోది. కింద చెప్పేదంతా ఈ రెండింటి గురించే.

ముందు బరువు రాయడం మొదలుపెట్టండి

వారానికి ఒకసారి, ఒకే మిషన్ మీద, పొద్దున ఏమీ తినకముందు బరువు చూసి తేదీతో సహా రాయండి. 60 కిలోల మనిషి ఆరు నెలల్లో 3 కిలోలకు మించి తగ్గితే, అంటే 5 శాతం దాటితే, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ముందునుంచీ సన్నగా ఉన్నవారైతే 2 శాతం దాటినా డాక్టరుకు చెప్పాల్సిందే. కాళ్ళవాపు, కడుపులో నీరు ఉన్నవారి విషయంలో మిషన్‌ను నమ్మలేం. నీటి బరువు వల్ల కండ కరిగిన సంగతి బయటపడదు. అప్పుడు గాజులు వదులై జారుతున్నాయా, కణతలు లోపలికి పోయాయా, చొక్కా భుజాల దగ్గర వేలాడుతోందా అని చూడండి.

మూడు రోజులపాటు ఏం తిన్నారో కూడా రాయండి. "ఏమీ తినట్లేదు డాక్టర్" అంటే ఆయనకు పెద్దగా తెలిసేదేమీ లేదు. "పొద్దున ఒక ఇడ్లీ, మధ్యాహ్నం నాలుగు స్పూన్ల పెరుగన్నం, రాత్రి అర గ్లాసు పాలు" అంటే వెంటనే అర్థమవుతుంది.

మామూలుగా ఈ రోగులకు కిలో బరువుకు రోజుకు 25 నుంచి 30 కేలరీలు, 1 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ అవసరమని లెక్క. 50 కిలోల మనిషికి సుమారు 1250 నుంచి 1500 కేలరీలు, 50 నుంచి 75 గ్రాముల ప్రోటీన్ అవుతుంది. రోజూ అంత అందకపోయినా గాభరా పడకండి. ఎంత దూరంలో ఉన్నామో తెలుసుకోవడానికే ఈ లెక్క.

ఎక్కడ అడ్డుపడుతోందో వెతకండి

చాలా ఇళ్ళల్లో ఈ పని చేయకుండానే టానిక్కుల కోసం పరిగెడతారు. "ఆకలి లేదు" అనే ఒక్క మాట వెనక వేరే ఇబ్బంది దాక్కుని ఉంటుంది. వాటిలో చాలావాటికి మందుంది.

టార్చిలైటు వేసి నోట్లో చూడండి. నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు అంటుకున్నట్టు తెల్లటి మచ్చలు ఉంటే అది ఫంగస్ కావచ్చు. డాక్టరు మందు రాస్తే తగ్గిపోతుంది. ఆ మంట పోగానే మళ్ళీ తినడం మొదలుపెట్టేవారు ఎందరో. పుండ్లు ఉంటే కప్పు గోరువెచ్చని నీళ్ళలో పావు టీస్పూను వంటసోడా, అందులో సగం ఉప్పు కలిపి రోజుకు చాలాసార్లు పుక్కిలించి ఉమ్మేయమనండి. కారం, పులుపు, ఊరగాయలు, గరగరలాడే అప్పడాలు కొన్నాళ్ళు పక్కన పెట్టండి. మందుల షాపులో దొరికే ఘాటు మౌత్‌వాష్ వాడొద్దు, ఆల్కహాల్ ఉన్నది మరీ మండుతుంది. తినడానికి ముందు పూసుకునే తిమ్మిరి జెల్ ఉంటుంది, అడిగి రాయించుకోండి. పెద్దవాళ్ళకు కట్టుడు పళ్ళుంటే అవి కూడా చూడండి. మనిషి చిక్కాక పళ్ళసెట్టు వదులై చిగుళ్ళను ఒరుస్తుంది, ఆ సంగతి వాళ్ళు చెప్పరు.

నోరు చేదుగా, ఇనుము నాకినట్టుగా ఉందంటే స్టీలు కంచం, స్టీలు గ్లాసు మార్చండి. పింగాణీ గిన్నె, చెక్క స్పూను వాడితే కొంత తేడా తెలుస్తుంది. తినేముందు నోరు పుక్కిలిస్తే ఇంకొంత నయం. పుండ్లు లేకపోతే నిమ్మరసం పిండిన పప్పు, మామిడికాయ పప్పు, చింతచిగురు లాంటి పుల్లటివి చచ్చిన రుచిని లేపుతాయి. మాంసం చేదనిపిస్తే బలవంతం వద్దు, దాని బదులు గుడ్డు, పన్నీరు, పెసరపప్పు ఉన్నాయి.

వాంతి వచ్చినట్టు ఉంటే, వాంతి మాత్రను కడుపులో తిప్పడం మొదలయ్యాక కాకుండా డాక్టరు చెప్పిన వేళకే, వీలైతే తిండికి అరగంట ముందు ఇవ్వండి. వేడివేడి అన్నం ఆవిరిలోనే వాసన ఎక్కువ. అదే అన్నం చల్లారాక వాసన తగ్గుతుంది. పెరుగన్నం, చల్లటి ఇడ్లీ, ఫ్రిజ్‌లో పెట్టిన సపోటా మిల్క్‌షేక్ ఇలాంటప్పుడు లోపలికి పోతాయి. తాలింపు వేసేటప్పుడు వాళ్ళను వంటింటికి దూరంగా, గాలి తగిలే చోట కూర్చోబెట్టండి. ఇంకొకటి. కీమో ఎక్కించిన రోజునా, మర్నాడూ వాళ్ళకు ప్రాణమైన వంటకం చేయకండి. ఆ వికారంతో ఆ రుచి ముడిపడిపోతే తరవాత ఎప్పటికీ అది సహించకపోవచ్చు. గుత్తివంకాయ అంటే ప్రాణమైతే దాన్ని బాగున్న రోజులకు దాచండి.

విరేచనం సాఫీగా అవుతోందా అని మొహమాటం లేకుండా అడగండి. మార్ఫిన్ లాంటి నొప్పి మందులు, ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటి వాంతి మందులు మలబద్ధకం తెస్తాయి. నాలుగు రోజులుగా విరేచనం కాని మనిషికి ఆకలి ఎక్కడినుంచి వస్తుంది? మార్ఫిన్ రాసినప్పుడే విరేచనం మందు కూడా రాయించుకోవాలి, రెండూ కలిసే సాగాలి. అయితే కడుపు ఉబ్బి, గ్యాస్ కూడా పోకుండా, వాంతులు అవుతుంటే పేగు అడ్డుపడి ఉండవచ్చు. అప్పుడు ఇంటి వైద్యం ఏదీ వద్దు, తిన్నగా ఆసుపత్రికి వెళ్ళండి.

నొప్పి ఉన్న మనిషి తినలేడు. నొప్పి మాత్ర వేసుకుని అది పనిచేసే వేళకు కంచం దగ్గరికి వచ్చేలా చూడండి. "మార్ఫిన్ అలవాటైపోతుందేమో" అనే భయంతో మాత్ర దాచేసే ఇళ్ళున్నాయి. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో ఇస్తే భయపడాల్సింది లేదు. నొప్పి ఆపకుండా అన్నం పెట్టాలనుకోవడం వాళ్ళను రెండు రకాలుగా బాధపెట్టడమే.

మింగుడు పడకపోవడం మరో పెద్ద సమస్య. గుట్కా, ఖైనీ, బీడీల వల్ల వచ్చే నోటి, గొంతు క్యాన్సర్లు మన దగ్గర ఎక్కువ. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే ఆడవాళ్ళకు అంగిట్లో క్యాన్సర్ రావడం డాక్టర్లకు ఏనాటినుంచో తెలుసు. ఇలాంటివారికి గట్టి ముద్ద దిగదు, మరీ పలచటి నీళ్ళు పొలమారతాయి. చిక్కటి జావలా, మెత్తటి గుజ్జులా ఉన్నదే సురక్షితం. తిన్న ప్రతిసారీ దగ్గు వస్తుంటే, గొంతు గరగరమంటుంటే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతోందేమో చూపించాలి.

మనసు సంగతీ మరవకండి. రోజంతా గోడకు తిరిగి పడుకోవడం, ఇష్టమైన మనిషి వచ్చినా పలకకపోవడం ఉంటే ఆ దిగులుకు కూడా వైద్యం ఉందని డాక్టరుకు చెప్పండి.

కొంచెం తిన్నా బలం ఉండేలా వండండి

మనం జబ్బుపడ్డవారికి పెట్టేవి చూడండి: చారన్నం, పలచటి మజ్జిగ, బార్లీ నీళ్ళు, కొబ్బరినీళ్ళు, బ్రెడ్డు ముక్క. కడుపు నిండుతుంది, ఒంటికి పట్టేది తక్కువ. నాలుగైదు ముద్దలకే చాలనే మనిషికి చారన్నంతో కడుపు నింపేస్తే ఆ పూట వృథా అయినట్టే. ఎముకల సూప్ మీద కూడా మనకు ఉన్నంత నమ్మకం అక్కర్లేదు. ఎంత మరిగించినా అందులో ఎక్కువ నీళ్ళే. మెత్తగా ఉడికిన కీమా రెండు స్పూన్లు అందులో మెదిపి కలిపితే అప్పుడది తిండి అవుతుంది.

పద్ధతి సులువు. వాళ్ళు తినేదాన్నే తీసుకుని, పరిమాణం పెంచకుండా బలం పెంచండి. ఒక టీస్పూను నెయ్యిలో దాదాపు 45 కేలరీలున్నాయి. గుప్పెడు వేయించిన పల్లీల్లో, అంటే 30 గ్రాముల్లో, సుమారు 170 కేలరీలు, 7 గ్రాముల ప్రోటీన్. ఒక కోడిగుడ్డులో 6 గ్రాముల ప్రోటీన్. ఇవి చేతిలో ఉంటే చాలా చేయవచ్చు.

రాగి జావ నీళ్ళతో కాచకుండా పాలతో కాచండి, దించాక స్పూను నెయ్యి, బెల్లం వేయండి. ఇడ్లీని చిదిపి నెయ్యి, కారం లేని కందిపొడి కలపండి. ముద్దపప్పు చిక్కగా ఉడికించి నెయ్యి ధారాళంగా పోసి మెత్తటి అన్నంలో కలిపితే దానికి మించిన పత్యం లేదు. పెరుగును గుడ్డలో వడగట్టి, ఆ చిక్కటి పెరుగుతో అన్నం కలపండి. ఉప్మాలో జీడిపప్పు పొడి, పెసరట్టులో తురిమిన పన్నీరు కలిసిపోతాయి. గుడ్డు పొరటు ఉల్లిపాయ, కారం లేకుండా పాలు పోసి మెత్తగా చేయవచ్చు. మినప సున్నుండ చిన్నదైనా అందులో మినుములు, నెయ్యి, బెల్లం అన్నీ ఉన్నాయి. నమలలేకపోతే పాలలో చిదపండి. తెలంగాణ ఇళ్ళల్లో చేసే మలీద, పాలలో నానబెట్టిన జొన్నరొట్టె కూడా అలాంటివే. హైదరాబాదు హలీం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గోధుమ, పప్పు, మాంసం, నెయ్యి అన్నీ మెత్తగా కలిసిపోయిన వంటకం అది. మాంసం తినేవారికి మసాలా, మిర్చి తగ్గించి ఇంట్లో చేసి పెడితే పది స్పూన్లలోనే మంచి భోజనం చేసినట్టు.

డబ్బా పౌడర్లు ఖరీదైనవి. డైటీషియన్ రాస్తే, కొనగలిగితే మంచిదే. లేకపోతే ఇంట్లోనే ఇలా చేయండి: కాచి చల్లార్చిన చిక్కటి గేదె పాలు 200 మిల్లీలీటర్లు, పాలపొడి రెండు పెద్ద స్పూన్లు, అరటిపండు ఒకటి, వేయించి పొట్టుతీసి మెత్తగా దంచిన పల్లీల పొడి ఒక పెద్ద స్పూను. మిక్సీలో తిప్పితే ఒక గ్లాసులో దాదాపు 400 కేలరీలు, 15 గ్రాముల ప్రోటీన్ ఉంటాయి. దాన్ని ఒక్కసారే ఇవ్వకండి, చిన్న కప్పుల్లో రెండు మూడు సార్లు ఇవ్వండి. పాలు పడనివారికి, విరేచనాలు అవుతున్నవారికి ఇది వద్దు.

"నెయ్యి ఎక్కువైతే కొలెస్ట్రాల్ రాదా?" అని అడుగుతారు. బరువు పడిపోతున్న మనిషికి ఈ నెలల్లో అసలు ప్రమాదం చిక్కిపోవడమే. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం మార్పులు చేసేముందు డాక్టరును అడగాలి. క్లోమం తీసేసినవారికి, కామెర్లు ఉన్నవారికి కొవ్వు అరగకపోవచ్చు. విరేచనం నూనెగా, తేలుతూ, దుర్వాసనతో ఉంటే ఎంజైమ్ మాత్రలు అవసరమేమో అడగండి.

ఎప్పుడు, ఎలా పెట్టాలి

మూడు పూటల లెక్క మరచిపోండి. రెండు మూడు గంటలకొకసారి కొంచెం, రోజుకు ఆరు సార్లు. చాలామందికి పొద్దున పూట ఆకలి కాస్త మెరుగ్గా ఉంటుంది, గుడ్డు, పెసరట్టు లాంటి బలమైనవి అప్పుడే పెట్టండి. అర్ధరాత్రి ఆకలి అంటే అర్ధరాత్రే పెట్టండి, వేళాపాళా చూడకండి. మంచం పక్కన మూత ఉన్న డబ్బాలో ఖర్జూరాలు, పల్లీపట్టీ పొడి, బిస్కెట్లు ఉంచండి. తినేటప్పుడు గ్లాసు గ్లాసు నీళ్ళు తాగించకండి, నీళ్ళు తిండికీ తిండికీ మధ్యలో ఇవ్వండి. తిన్నాక అరగంట నుంచి గంట సేపు ఆనుకుని కూర్చోవాలి.

పెద్ద కంచంలో కొండలా పెట్టిన అన్నం చూడగానే వాళ్ళకు టెన్షన్ వస్తుంది. చిన్న గిన్నెలో కొద్దిగా పెట్టండి, అయిపోతే మళ్ళీ అడుగుతారు. ఒంటరిగా మంచం మీద కాకుండా అందరితో కూర్చోబెట్టండి. ఓపిక ఉంటే తిండికి ముందు వరండాలో రెండు చుట్లు నడిపించండి. కండ నిలవాలంటే ప్రోటీన్‌తో పాటు ఆ కాస్త కదలికా కావాలి.

మాటల దగ్గర జాగ్రత్త. "నా మీద ఒట్టు, ఇంకొక్క ముద్ద", "తినకపోతే ఎలా బతుకుతావు" అనకండి. "పెరుగన్నం పెట్టనా, జావ కాచనా?" అని రెండిటిలో ఒకటి ఎంచుకోనివ్వండి. "ఆకలేస్తోందా" అని అడిగితే లేదనే వస్తుంది. "ఇది ఇక్కడ పెట్టాను నాన్నా, కాసేపయ్యాక చూడు" అని వదిలేస్తే చాలాసార్లు గిన్నె ఖాళీ అవుతుంది.

శుభ్రత

కీమో తరవాత తెల్లరక్తకణాలు పడిపోతాయి. ఆ రోజుల్లో ఏం తిన్నా పూర్తిగా ఉడికి ఉండాలి. హాఫ్‌బాయిల్ గుడ్డు, బండి మీద కోసిన పండ్లు, బయట జ్యూస్, పానీపూరీ, నిలవ చట్నీ వద్దు. చద్దన్నం ఆరోగ్యమని చెప్పుకుంటాం గానీ, రాత్రంతా బయట ఉన్న అన్నం ఈ మనిషికి ప్రమాదం. వండినది రెండు గంటలకు మించి బయట ఉంచకండి. పండ్లు కడిగి, తొక్క తీసి ఇవ్వండి. జ్వరం 100.4 డిగ్రీలు చూపిస్తే పారాసిటమాల్ వేసి పొద్దున చూద్దాంలే అనుకోకండి, అప్పుడే ఆసుపత్రికి ఫోన్ చేయండి.

చుట్టాలు చెప్పే పత్యాలు

చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఒకటి మాన్పించి వెళతారు. వంకాయ వద్దు, గోంగూర వద్దు, గుడ్డు వేడి, పెరుగు చీము పట్టిస్తుంది, మాంసం ముట్టకూడదు. చివరికి ఆ మనిషికి మిగిలేది బీరకాయ కూర, పలచటి చారు. డాక్టరు మానమన్నవి తప్ప ఏదీ మాన్పించకండి. వచ్చినవారికి నమస్కారం పెట్టి, "మా డాక్టరు అన్నీ తినమన్నారండీ" అనేయండి.

చక్కెర ఆపేస్తే క్యాన్సర్ ఎండిపోతుందన్నది వాట్సాప్‌లో ఎక్కువగా తిరిగే మాట. క్యాన్సర్ కణాలు గ్లూకోజ్ వాడుకుంటాయన్నది నిజమే. కానీ మీరు తీపి ఆపినా శరీరం తన కండనే కరిగించి గ్లూకోజ్ తయారుచేసుకుంటుంది. నష్టం రోగికే. షుగరు జబ్బు లేని మనిషి పాయసం అడిగితే సంతోషంగా చేసిపెట్టండి. పసరు మందులు, కషాయాల విషయంలో నేను గట్టిగా వద్దనే అంటాను. తిప్పతీగ లాంటివాటితో లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. లివర్ రిపోర్టు చెడితే కీమో ఆగిపోతుంది.

డాక్టరును అడగాల్సినవి

ఆకలి పెంచే మందులు ఉన్నాయి, అందరికీ సరిపడవు. డెక్సామెథసోన్ కొద్దిరోజులు పనిచేస్తుంది గానీ ఎక్కువకాలం వాడితే కండ తగ్గుతుంది, షుగరు పెరుగుతుంది. మెజెస్ట్రాల్‌తో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఓలాంజపిన్ గురించి తప్పకుండా అడగండి. పుదుచ్చేరి జిప్మర్‌లో కీమో మొదలుపెడుతున్న జీర్ణాశయం, కాలేయం, క్లోమం, పిత్తాశయం, ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు 124 మంది మీద చేసిన పరిశోధన 2023లో ప్రచురితమైంది. రోజుకు 2.5 మిల్లీగ్రాముల చిన్న మోతాదు 12 వారాలు ఇస్తే 60 శాతం మందికి 5 శాతం పైగా బరువు పెరిగింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో అది 9 శాతమే. ఇది మానసిక జబ్బులకు వాడే మందు. షాపులో ఆ మాట విని భయపడి మానేయకండి. మత్తు కలిగించవచ్చు, కాబట్టి డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టనూ వద్దు.

మింగలేనివారికి ముక్కుగొట్టం గానీ, పొట్ట దగ్గర గొట్టం గానీ పెడదామంటే చాలా కుటుంబాలు "అంతవరకు వచ్చిందా" అని కుంగిపోతాయి. గొంతుకు రేడియేషన్ నడిచే వారాల్లో గొట్టం వల్లే బరువు నిలబడి, చికిత్స మధ్యలో ఆగకుండా పూర్తవుతుంది. పుండ్లు మానాక చాలామందికి తీసేస్తారు.

ఇక సెలైన్. "రెండు బాటిళ్ళు ఎక్కిస్తే బలం వస్తుంది" అని ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తారు. ఉప్పు సెలైన్‌లో కేలరీలే ఉండవు. 5 శాతం గ్లూకోజ్ అర లీటరు బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్, 100 కేలరీల లోపే. రెండు టీస్పూన్ల నెయ్యితో సమానం. వాంతులు, విరేచనాలతో నీరు పోయినప్పుడు సెలైన్ కావాలి, అన్నానికి బదులుగా అది పనికిరాదు.

జబ్బు ముదిరినప్పుడు

చికిత్స ఇక పనిచేయని దశలో, చివరి వారాల్లో, శరీరం తిండిని వాడుకోలేకపోతుంది. తినకపోవడం వల్ల జబ్బు ముదరడం కాదు, జబ్బు ముదరడం వల్ల తినలేకపోతున్నారు. "మనం ఆకలితో పంపించేస్తున్నాం" అనే బాధ ఇంట్లో అందరినీ తినేస్తుంది. ఆ సమయంలో చాలామందికి ఆకలి, దాహం తెలియవు, నోరు ఎండిపోవడమే ఇబ్బంది. మగతగా ఉన్న మనిషి నోట్లో పాలు, తీర్థం పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ఆయాసం వస్తుంది. శుభ్రమైన గుడ్డను తడిపి నాలుక, చిగుళ్ళు తుడవండి, పెదవులకు కొబ్బరినూనె రాయండి. ఆక్సిజన్ పెట్టి ఉంటే మాత్రం నూనె, వాసెలిన్ కాకుండా నీళ్ళతో తడపండి. మెలకువలో అడిగితే ఐస్‌క్రీం ఒక స్పూను, మామిడిపండు రసం రెండు చుక్కలు ఇవ్వండి. అక్కడ కేలరీల లెక్క లేదు. బరువు చూడటం కూడా ఆపేయండి.

ఈ దశలో పాలియేటివ్ కేర్, అంటే నొప్పి, బాధ తగ్గించే వైద్యం చేసేవారి సాయం తీసుకోండి, నిజానికి ఇంకా ముందే తీసుకుంటే మంచిది. హైదరాబాదులో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది. తెలంగాణలో చాలా జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలు పనిచేస్తున్నాయి. విశాఖ వైపు ఉన్నవారు అగనంపూడిలో టాటా మెమోరియల్ నడిపే హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రిలో అడగవచ్చు. వెళ్ళేటప్పుడు బరువు రాసిన పుస్తకం, వాడుతున్న మందులన్నీ సంచిలో తీసుకెళ్ళండి. రాత్రివేళ ఇబ్బందైతే ఎవరికి ఫోన్ చేయాలో అడిగి, ఆ నంబరు ఇంట్లో అందరికీ కనబడేచోట రాసి పెట్టండి.